తండ్రి / భర్త పేరు

తెల్లారగానే చిట్టెమ్మ నెత్తళ్ళు ఎండబోసేది. ఇసకలో పాత వల పరిచి, చేప మీద చేప పడకుండా జల్లి, కాకుల్ని అదిలిస్తూ కాసేపు కూర్చునేది. ఎనిమిదింటికి కూతురు గాయత్రికి ఇంత అన్నం పెట్టి బడికి పంపేది. తర్వాత పక్కింటి మాణిక్యంతో కలిసి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని కరకట్ట వెంట ఊళ్ళు తిరిగేది. ఎక్కడ తిరిగినా పగటి పోటు వేళకి మాత్రం ఇల్లు చేరిపోయేది. ఆ వేళకి మొగుడు వస్తాడు మరి.

పోటు వేళ రోజూ ఒకటే ఉండదు. ఇవాళ పన్నెండింటికి వస్తే రేపు ఒంటిగంటకి దగ్గర్లో వస్తుంది. ఆయనా దానితోపాటే జరుగుతూ వచ్చేవాడు. నీళ్ళలోంచి నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, చూరుకి వేలాడే వల దించుకుని చిరుగులు బాగుచేసేవాడు. ఒంటి నుంచి ధారలుగా నీళ్ళు కారేవి. అరుగు ఎన్నిసార్లు అలికినా పచ్చిగానే ఉండేది. చిట్టెమ్మ దానికి మాత్రం రోజూ సణిగేది. నీళ్ళు వెనక్కి తగ్గి పాటు తీసే వేళకి, ఒళ్ళు ఆరకముందే, లేచి వెళ్ళిపోయేవాడు. ఆయన సముద్రంలో మునిగి అప్పటికి నాలుగేళ్ళు దాటింది.

ఆయన పేరు నేనిప్పుడే చెప్పను. పెళ్ళామే చెప్పని పేరు మధ్యలో నేనెవర్ని చెప్పడానికి? ఆవిడ చెప్పిననాడు మీరూ విందురుగాని.

వాళ్ళుండేది కొత్తదిబ్బ. దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే మొగ పక్కనున్న పల్లె. తొంభైతొమ్మిది కార్తీకంలో ఆ మొగలోనే పడవ బోల్తాపడి ముగ్గురు పోయారు. మిగతా ఇద్దరి పెళ్ళాలూ ఒడ్డుకి పరిగెత్తి గుండెలు బాదుకుంటూ శోకాలు పెట్టారు. ఆ పల్లెలో ఆడమనిషి జీవితం మొత్తం మీద మొగుడి పేరు నోటితో అనేది ఆ ఒక్క పూటే. పేరు పెట్టి పిలిచి ఏడుస్తుంది. పిలిస్తే రాకపోవడం మర్యాద కాదు గనక శవం ఒడ్డుకొస్తుంది. సాయంత్రానికి ఇద్దరూ వచ్చేశారు. చిట్టెమ్మ మాత్రం పమిట నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడవ్వే అని ముసలమ్మలు తిట్టారు. ఏడవలేదు. పేరు ఎత్తలేదు. మూడోనాడు పోటుకి ఆయన నడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుని, "వల ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

అదీ సంగతి. దాని గురించి పల్లెలో ఎవరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. వేటకెళ్ళేవాళ్ళు అరుగు దగ్గర ఆగి, "రేపు ఎటేసుకోమంటావు మావా?" అని అడిగేవాళ్ళు. ఆయన గడ్డంతో అటో ఇటో చూపించేవాడు. అటు వల వేస్తే చేప పడేది. అంతకంటే ఎవరికేం కావాలి?

కష్టం సముద్రంతో కాదు, కాగితంతో వచ్చింది.

ఓటర్ల జాబితాని కంప్యూటర్లో ఎక్కిస్తున్నారని మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి రాశారు. కొత్తదిబ్బ రాయడానికి పిచ్చేశ్వరరావు మాస్టారు అవతలి ఊరి బడి నుంచి సైకిలు మీద వచ్చారు. మంచి మనిషే. ఆ ఎండలో ఇసకలో సైకిలు నడిపించుకుంటూ రావడమే గొప్ప. ఆయన వచ్చేసరికి పాటు తీసి ఉంది, మగాళ్ళు వేటకి పోయారు, మాణిక్యం ఊళ్ళమీద ఉంది. ఒంట్లో బాగాలేక ఆ పూట ఆగిపోయిన చిట్టెమ్మ ఒక్కతే గుమ్మంలో నిలబడింది.

"భర్త పేరేంటమ్మా?"

చిట్టెమ్మ నవ్వి తల దించుకుంది. "పేరు అనకూడదండీ."

"సరే, గుర్తు చెప్పండి."

"కోటప్పకొండ తెలుసు కదండీ? ఆ కొండ కింద ఊరుందండీ, ఆ ఊరి పేరే. మా అత్త అక్కడ మొక్కుకుంటే పుట్టాడంట."

మాస్టారికి కోటప్పకొండ బాగానే తెలుసు, తిరునాళ్ళకి వెళ్ళొచ్చారు కూడా. కింద ఊరు మాత్రం బస్సులో కునుకు తీస్తుండగా దాటిపోయినట్టుంది. "ఆఁ, అర్థమైంది. ఆ స్వామి పేరేగా?" అన్నారు. ఆ స్వామి చలవతో పెట్టిన పేరే గనక చిట్టెమ్మ తల ఊపింది. ఆయన 'కోటేశ్వరరావు' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. ఆవిడకి చదవడం రాదు. ఇంత తొందరగా అందుకున్నాడు, చదువుకున్నవాడంటే ఇలా ఉండాలి అనుకుంది.

కొత్తదిబ్బ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అక్కడ పేరు చివర రావు ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ఇళ్ళ నంబర్లు చూసి పట్టుకుందామంటే, ముందు రెండు వరసల ఇళ్ళు సముద్రంలో కలిసినప్పుడే నంబర్లూ పోయాయి. తర్వాత సరిచూడ్డానికి వచ్చిన ఇంకో మనిషి పల్లెలో కోటేశ్వరరావు ఎవరని అడిగాడు. ఎవరూ లేరన్నారు. లేని మొగుడికి పెళ్ళాం ఎక్కణ్ణుంచి వస్తుంది? చిట్టెమ్మ పేరు మీద ఎర్రగీత పడింది. ఆమె మొగుడి పేరు మాత్రం పాత జాబితాలోంచి చక్కగా కొత్తదాంట్లోకి ఎక్కింది. పోయినవాడికి ఓటుంది, ఉన్నదానికి లేదు.

ఆ సంగతి గాయత్రి చూసింది. తుఫాను షెల్టరు గోడకి అంటించిన జాబితా మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి ఇంటికొచ్చి, "అమ్మా, నీ పేరు లేదే," అంది.

"లేకపోతే లేకపోయింది. ఎవరికేస్తే ఏమొరిగింది?" అంది చిట్టెమ్మ.

నిజానికి ఆ జాబితా మీదే అంతా ఆధారపడి ఉంది. సముద్రం మూడో వరస దగ్గరకొచ్చింది. మూడో వరసలో మొదటి ఇల్లు చిట్టెమ్మదే. లోపలెక్కడో, కరకట్టకి అవతల, కొత్తదిబ్బ వాళ్ళకి కాలనీ ఇస్తామన్నారు. ఓటర్ల జాబితాలో ఉన్న ఇంటి ఆడమనిషి పేరు మీద పట్టా. ఆ పేర్లు రాసేది ధనరాజు. పల్లెలో పుట్టినవాడే, పార్టీలో తిరుగుతాడు, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి.

"పిన్నీ, ఓటు లేకపోతే నేనేం చెయ్యలేను. కొత్తగా ఆరో నంబరు ఫారం పెట్టు, నేను దగ్గరుండి తీసుకెళ్తాను," అన్నాడు. తీసుకెళ్ళాడు కూడా. కాదనకూడదు.

ఫారం గాయత్రి నింపింది. కూతురు గనక 'తండ్రి / భర్త పేరు' అన్న చోట తప్పులేకుండా రాసింది. చిట్టెమ్మ వేలిముద్ర వేసింది. ఇరవై రోజులకి మండలాఫీసు నుంచి కబురొచ్చింది. ఒకే మనిషి, ఒకే పల్లె, ఇద్దరు మొగుళ్ళు. మనిషి స్వయంగా వచ్చి చెప్పుకోవాలి.

"ఇద్దరు మొగుళ్ళంట! నాకు తెలీకుండా ఎప్పుడు కట్టుకున్నావే రెండోవాణ్ణి?" అని మాణిక్యం పొట్ట పట్టుకుని నవ్వింది. చిట్టెమ్మా నవ్వింది. నవ్వడం అయ్యాక ఇద్దరూ అరుగు వైపు చూశారు. అరుగు తడిగా ఉంది.

ఆఫీసుకి వెళ్ళాల్సిన ముందురోజు పోటు పదకొండింటికి వచ్చింది. ఆయన వల దించుకుని కూర్చున్నాక చిట్టెమ్మ పక్కన చేరింది.

"రేపు ఆఫీసులో నీ పేరు అడుగుతారంట మావా."

"చెప్పు."

"చెబితే?"

ఆయన ముడి బిగించి, దారం పంటితో కొరికాడు. "చెబితే ఏవుంది, తెలిసిందేగా."

"నాకొద్దు ఆ స్థలం. ఇక్కడే పడుంటాను. నువ్వు రోజూ వస్తున్నావు, నాకు చాలు."

"నిరుడు పోటు ఎక్కడిదాకా వచ్చేది?"

"కొబ్బరిచెట్టు దాకా."

"చెట్టేదీ?"

ఆయన వల ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ అన్నాడు. "నీళ్ళు అరుగెక్కాక నేను నీ దగ్గరికి రావడం ఉండదు చిట్టీ. నువ్వే నా దగ్గరికి వస్తావు. ఆ పూట నీ పక్కలో పిల్ల ఉంటుంది."

"ఆ మాటలేంటి మావా?"

"ఉన్న మాటే. అక్కడ చూస్తున్నానుగా."

ఆ రోజు ఆయన మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. పాటు తీసి, ఒడ్డున తడి ఇసక బయటపడ్డా లేవలేదు. జుట్టు ఆరి దుమ్ము రంగుకి తిరిగింది. గాయత్రి బడి నుంచి వచ్చేదాకా ఉండి, దాని లెక్కల పుస్తకం ఒకసారి తిరగేసి, ఏమీ అర్థం కాక నవ్వి, లేచి వెళ్ళాడు. గాయత్రికి కారణం తెలియదు. చిట్టెమ్మకి తెలుసు. వెనకే వెళ్ళి పిలుద్దామంటే ఏ పేరు పెట్టి పిలుస్తుంది?

మండలాఫీసులో విచారణ చేసేది ప్రభావతి గారు, డిప్యూటీ తాసిల్దారు. బల్ల మీద దొంగ ఓట్ల ఫిర్యాదులు దొంతర పెట్టి ఉన్నాయి. అప్పటికే పొద్దున్నుంచి నలభైమందిని పిలిచి విసిగిపోయి ఉన్నా గొంతు పెంచని మనిషి. చిట్టెమ్మ వెంట ధనరాజు, మాణిక్యం లోపలికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆవిడ ఒక్కరే రావాలి. పక్కనుంచి అందించడాలు వద్దు."

చిట్టెమ్మ బల్ల ముందు నిలబడింది.

"కూర్చోమ్మా. మొదట భర్త పేరు ఒకటి చెప్పావు. ఇప్పుడు ఇంకోటి రాశారు. ఏది నిజం?"

"నేను ఏ పేరూ చెప్పలేదండీ. గుర్తు చెప్పి తల ఊపానండీ."

"అనకూడదా?"

"అనకూడదండీ."

ప్రభావతి గారు పెన్ను కింద పెట్టారు. "నాకూ తెలుసమ్మా. మా అమ్మా అనేది కాదు. పోనీ, రాసివ్వగలవా?"

"రాదండీ."

"మీవాళ్ళ చేత చెప్పిద్దామంటే, ఆ ధనరాజు ఇప్పటికి పదకొండుమందికి సాక్ష్యం చెప్పాడు. అందులో ఐదుగురు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. అతని మాట నేను తీసుకోలేను."

"మీరు పేరు చదవండమ్మా, నేను తల ఊపుతాను."

"తల ఊపితేనే కదమ్మా ఇందాకా వచ్చింది."

గదిలో పైన ఫ్యాను తిరుగుతోంది. కింద పెట్టిన కాగితాలు దాని గాలికి లేస్తుంటే ప్రభావతి గారు అరచేత్తో అదిమిపట్టారు.

"ఇవాళ్టితో ఆఖరు. సాయంత్రం జాబితా బందరు వెళ్ళిపోతుంది," అన్నారు.

చిట్టెమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. సముద్రం అక్కడికి పదహారు మైళ్ళు. ఆ రోజు పోటు పన్నెండింటికి. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఈపాటికి నీళ్ళలోంచి లేచి నడుస్తూ ఉంటాడు. ఆవిడ పెదాలు రెండుసార్లు కదిలాయి, గొంతు రాలేదు. మూడోసారి వచ్చింది.

"యలమంద," అంది.

"గట్టిగా చెప్పమ్మా, ఫ్యాను చప్పుడుకి వినపడలేదు."

"యలమందండీ."

ప్రభావతి గారు రాసుకున్నారు. రాయడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగక్షరాలు.

తిరుగు బస్సులో మాణిక్యం ఏదో మాట్లాడుతూనే ఉంది. చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, నాలుగేళ్ళ కింద ఒడ్డున నిలబడ్డట్టే. కొత్తదిబ్బ చేరేసరికి పల్లె పల్లెంతా నీళ్ళ దగ్గర గుమిగూడి ఉంది. యలమంద వెల్లకిలా పడున్నాడు. నాలుగేళ్ళనాటి శవంలా లేదు. మొన్ననో నిన్ననో పోయినట్టున్నాడు. కుడి చూపుడువేలికి వల కుట్టే దారం చుట్టుకునే ఉంది. గాయత్రి దాన్ని విప్పుతోంది.

"ఇప్పుడైనా ఏడవ్వే," అన్నారు ముసలమ్మలు. చిట్టెమ్మ కూలబడింది, కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆ పేరు ఒకసారి ఆఫీసులో ఖర్చయిపోయింది, ఇంకోసారికి మిగల్లేదు అనుకుంది. చీకటి పడకముందే సాగనంపారు. మర్నాటి నుంచి వేటకెళ్ళేవాళ్ళు అరుగు దగ్గర అలవాటుగా ఆగి, ఏమీ అడక్కుండా ముందుకు పోయేవాళ్ళు. ఆ నెలంతా వలలు తేలిగ్గా తిరిగొచ్చాయి. చిట్టెమ్మని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఏప్రిల్‌లో ఎలక్షన్లు వచ్చాయి. పార్లమెంటుకీ అసెంబ్లీకీ ఒకేసారి. తుఫాను షెల్టర్లోనే బూత్. ఆడవాళ్ళ వరసలో చిట్టెమ్మ తన కొత్త ఫోటో కార్డు పట్టుకుని రెండు గంటలు నిలబడింది. లోపల బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు జాబితా చూసి గట్టిగా చదివాడు.

"నాలుగొందల పన్నెండు. చిట్టెమ్మ, భర్త యలమంద."

గోడవార బెంచీ మీద కూర్చున్న ఏజెంట్లు తమ జాబితాల్లో గీత పెట్టుకున్నారు. వాళ్ళలో ధనరాజు ఉన్నాడు. ఆవిణ్ణి చూసి తల ఆడించాడు. వేలికి సిరా పూశారు, వేలిముద్ర తీసుకున్నారు, పార్లమెంటు ఓటు అయిపోయింది. అసెంబ్లీ మిషను దగ్గరి అతను తన పెట్టె మీద మీట నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. "వెళ్ళమ్మా, అట్ట వెనక్కెళ్ళి మీకు కావలసిన గుర్తు పక్కన నొక్కండి," అన్నాడు.

చిట్టెమ్మ రెండడుగులు వేసింది. వెనక ఆఫీసరు మగవాళ్ళ వరసలోని తర్వాతి పేరు చదివాడు.

"మూడొందల తొంభై. యలమంద."

"నేనేనండీ," అంది ఒక గొంతు.

ఆవిడ గిరుక్కున తిరిగింది. ఇస్త్రీ చొక్కా, వేలికి చిలకలపూడి గిల్టు ఉంగరం. ఎప్పుడూ చూడని మనిషి. ఒళ్ళు పొడిగా ఉంది.

"కార్డేదయ్యా?" అడిగాడు ఆఫీసరు.

"ఇంట్లో ఉండిపోయిందండీ."

"మావాడేలెండి, నాకు తెలుసు," అన్నాడు ధనరాజు బెంచీ మీంచి.

ఆఫీసరు అనుమానంగా జాబితా వెనక్కి తిప్పాడు. "ఇప్పుడే కదా ఈ పేరు చదివాను. ఏమ్మా, ఈయన మీ ఆయనేనా?"

ధనరాజు చిట్టెమ్మ వైపు చూశాడు. బెదిరింపుగా ఏమీ కాదు. పిన్నీ, కాలనీ పేర్లు ఇంకా పైకి పంపలేదు సుమా అన్నట్టు, అంతే. ఆ చూపు ఆవిడకి పూర్తిగా అర్థమైంది. ఒక్కసారి తల ఊపితే సరిపోతుంది. మనిషిని ఇచ్చేసింది, ఇంక పేరు దాచుకుని ఏం చేస్తుంది? గాయత్రికి ఒక గోడ, ఒక కప్పు. ఆవిడ అవుననే అనబోయింది. నోరు తెరిచింది.

"కాదండీ," అంది. "మా యలమంద పోయాడండీ."

అనేసరికి ఆగలేదు. నాలుగేళ్ళ నుంచి పమిట అడ్డంపెట్టి ఆపినదంతా ఒక్కసారిగా తోసుకొచ్చింది. బూత్ మధ్యలో నేల మీద చతికిలబడి, సిరా ఆరని వేలితోనే గుండె బాదుకుంటూ, "ఓ యలమందా, నన్నొదిలి ఎక్కడికి పోయావు యలమందా," అని శోకాలు ఎత్తుకుంది. బయట వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకి అది విన్నాక ఊరుకునే అలవాటు లేదు. మాణిక్యం మొదలుపెట్టింది, ముసలమ్మలు అందుకున్నారు. వరస వరసంతా ఏడ్చింది. ఇస్త్రీ చొక్కా మనిషి ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ధనరాజు పెన్నుకి మూత పెట్టాడు.

ఆఫీసరు కాసేపు చూసి, కుర్చీలోంచి లేచి, ఆవిడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, మీరు ఏడవండి, నేనొద్దనను. కానీ మిషను మీ కోసమే తెరిచి ఉంది. మీరు నొక్కితే గానీ ఇంకొకరికి రాదు. చూడండి, దీపం వెలుగుతూనే ఉంది."

బల్లల దగ్గరివాళ్ళంతా ఆగారు. పోలింగు పావుగంట నిలిచిపోయింది. చిట్టెమ్మ ఏడుపు తనంతట తాను తగ్గాక లేచి, ముక్కు చీది, అట్ట వెనక్కి వెళ్ళింది. ఏ గుర్తు నొక్కిందో నాకు తెలియదు. అది అడగకూడదు. మిషను పొడుగ్గా కూత వేసింది.

"ఎందుకే ఆ మాటన్నావు?" అంది మాణిక్యం దారిలో. "తల ఊపితే పోయేది కదా. ఆ ధనరాజు ఇంక నీ పేరు రాస్తాడా?"

"రాయడు వొదినా," అంది చిట్టెమ్మ.

రాయలేదు. జూన్ మొదట్లో కాలనీ జాబితా షెల్టరు గోడకి అంటించారు. డెబ్బైరెండు పేర్లు. గాయత్రి రెండుసార్లు చదివింది. అదే గోడ మీద ఎన్నికల ఫలితాల కాగితం ఇంకా వేలాడుతోంది.

మామూలుగానైతే చిట్టెమ్మ అక్కడే ఉండిపోయేది. పగటి పోటుకి ఇంటికొచ్చే మనిషి ఉన్నన్నాళ్ళు ఆవిడ ఎక్కడికీ కదిలే ప్రశ్నే లేదు. ఇప్పుడు ఎవరి కోసం చూడాలి? గుడివాడ అవతల చేపల చెరువుల దగ్గర ఆడకూలీలు కావాలంటున్నారని ఎవరో చెప్పారు. ఉండటానికి రేకుల షెడ్డు ఇస్తారట. చిట్టెమ్మ నాలుగు గిన్నెలు గోనెసంచిలో వేసుకుంది. గాయత్రి పుస్తకాలు విడిగా మూట కట్టుకుంది. సగం బాగుచేసిన వల మాణిక్యానికి ఇచ్చేశారు. అవనిగడ్డ బస్సు ఎక్కారు.

వాళ్ళు వెళ్ళిన ఆరో రోజున, పట్టపగలు, పోటు మూడో వరస దాటింది. మొదటి ఇల్లు అరుగుతో సహా ఒక్క ఊపులో పోయింది. పల్లె వాళ్ళు ఒడ్డున నిలబడి చూశారు. పరిగెత్తాల్సిన పని ఎవరికీ పడలేదు, ఆ ఇంట్లో ఎవరూ లేరు.